నిలబడ్డ బండి

ఆయన్ని అందరూ న్యూట్రల్ అనే పిలిచేవారు. అసలు పేరు లైసెన్సు మీద ఉంది గానీ, దాన్ని చదవాల్సిన పని పోలీసులకు తప్ప ఇంకెవరికీ పడలేదు. ఊరు కొండ మీద ఉంది. ఎటు వెళ్ళినా కాసేపు ఎక్కుడు, కాసేపు దిగుడు. దిగుడు కనిపించిందా, ఆయన చెయ్యి తనంతట తానే కదిలి గేరు తీసి న్యూట్రల్‌లో పడేసేది. ఇక బండి తన బరువుతో తానే జారుకుంటూ పోవాలి, చుక్క డీజిలు ఖర్చు కాకూడదు. షెడ్డులో తోటి డ్రైవర్లు వేళాకోళానికి పెట్టిన ఆ పేరు పోనుపోను ఇంటిదాకా వచ్చింది. అత్తగారు బతికున్న రోజుల్లో ఆవిడ కూడా "న్యూట్రల్ అల్లుడుగారు వచ్చారు, కాఫీ పెట్టండి" అనేది. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. కాఫీ వస్తే చాలు.

ఆయనకు డ్రైవింగు నేర్పింది ఒక ముసలి డ్రైవరు. బండి తోలడం ఎంత నేర్పాడో తెలీదు గానీ, భయపడటం మాత్రం బ్రహ్మాండంగా నేర్పాడు. ఆ ముసలాయన దగ్గర రెండే సూత్రాలు. దిగుడులో గేరు తీసెయ్. నిలబడ్డ బండిని నమ్మకు. కదిలే బండి చెప్పి తాగుతుంది, నిలబడ్డ బండి చెప్పకుండా తాగుతుంది అనేవాడు. అంటే ఇంజను ఆన్‌లో పెట్టి బండిని ఊరికే నిలబెట్టావా, ట్యాంకు నీకు తెలీకుండానే ఖాళీ అయిపోతుందన్నమాట. పడుచుతనంలో ఈయన ఆ మాట ఒక్కసారి పెడచెవిన పెట్టాడు. దారి మూసుకుపోయి, లోపల జనం ఉక్కపోతతో గోల చేస్తుంటే, ఏసీ కోసం ఇంజను ఆన్‌లో ఉంచాడు. దారి తెరిచేసరికి డీజిలు అయిపోయింది. వానలో వ్యాను తోస్తూ, ఎక్కిన ప్రతివాడి చేతా తిట్లు తిన్నాడు. ఆ తరవాత ఎవరి కోసం ఆగాల్సి వచ్చినా తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాకే మాట్లాడేవాడు.

ఆయన్ని పిరికివాడంటే మాత్రం నేనొప్పుకోను. లోయ అంచున చక్రం పెట్టి ఎదురు లారీకి దారిచ్చే మనిషి పిరికివాడెలా అవుతాడు? కాకపోతే ఆయన భయం ఆయన చెవుల్లో ఉండేది. ఇంజను చప్పుడు వింటూ బతికాడు. చప్పుడు కాస్త మారితే గుండె కాస్త జారేది. ఏ మెకానిక్కూ కనిపెట్టక ముందే "దీనికేదో అయింది" అని గొణుక్కునేవాడు. నూటికి తొంభైసార్లు ఏమీ అయ్యుండేది కాదు.

అలాంటి మనిషి చేతికి షెడ్డు ఓనరమ్మ చప్పుడే లేని బండి ఇచ్చింది.

షెడ్డులో బళ్ళన్నీ తీసేసి కరెంటు కార్లు తెప్పించింది ఆవిడ. కొత్తబండి చేతికిచ్చే రోజున భార్యను కూడా తీసుకురమ్మంది. ఆవిడకు ఇదొక పిచ్చి, డ్రైవరుకు చెప్పిన దాంట్లో సగం గాలికి పోతుంది, ఇంటావిడకు చెబితే నిలుస్తుంది అనేది. అక్షరాలా అదే జరిగింది. ఓనరమ్మ బండి చుట్టూ తిరుగుతూ చెబుతూంటే న్యూట్రల్ మాత్రం బానెట్ ఎత్తి ఇంజను కోసం వెతుకుతున్నాడు. బానెట్ కింద బట్టల సంచి పట్టేంత జాగా తప్ప ఆయనకు తెలిసిన వస్తువు ఒక్కటీ లేదు. ఆ దిగులులో ఉండగా వెనక సీటు కింద ప్లగ్గు ఉందనీ, ఇంట్లో ప్లగ్గులాగే పనిచేస్తుందనీ చెప్పిన మాట ఒక చెవిన పడి ఇంకో చెవిన పోయింది.

ఆయన భార్య మాత్రం ఆ ప్లగ్గు మాట దగ్గరే ఆగిపోయింది. ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు. మంచం పక్కన చిన్న బీరువాలాంటి ఊపిరి మిషన్ ఒకటి రాత్రీ పగలూ మూలుగుతూ ఉంటుంది. దాన్నుంచి పొడుగాటి గొట్టం ఆవిడ ముక్కు దాకా వస్తుంది. ఎప్పుడైనా బయటికి రావాలంటే చేతిసంచిలో పట్టే చిన్న సిలిండరు తెచ్చుకుంటుంది, అది కాసేపే వస్తుంది. ఆ సంచి భుజాన తగిలించుకునే ఆవిడ ఓనరమ్మను అడిగింది, దీనికి నా మిషన్ పెడితే నడుస్తుందా అని. ఓనరమ్మ నవ్వింది. మీ మిషన్ నాలుగు ఫ్యాన్లంత కరెంటు కూడా తినదమ్మా, ఈ బండి కొండెక్కడానికి తినేదాని ముందు అదొక లెక్కా, నిలబెట్టి పెడితే రోజంతా నడిపినా దీనికి చీమ కుట్టినట్టు ఉండదు అంది. న్యూట్రల్ ఆ మాట విన్నాడు గానీ నమ్మలేదు. అమ్మేవాళ్ళంతా అలాగే చెబుతారు, పైగా నిలబెట్టి అంటోంది.

చెప్పొద్దూ, బండి మంచిది. ఆ మాట ఆయన నోటి వెంట రాలేదు గానీ, ఆయనకన్నా ముందు భార్యకే తెలిసింది. వెనకటి రోజుల్లో ఆయన ఇంటికి రాగానే గుమ్మం బయటే చొక్కా విప్పి, మొహం కడుక్కుని గానీ ఆవిడ గదిలోకి అడుగుపెట్టేవాడు కాదు. డీజిలు కంపు తగిలితే ఆవిడకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఇప్పుడు వేసుకున్న చొక్కాతోనే వచ్చి మంచం మీద కూర్చుంటున్నాడు. ఆయిలు మార్చే పని లేదు. చలి పొద్దున బండిని బుజ్జగించే పని లేదు. వాషింగ్ మిషన్ ప్లగ్గుకే తగిలించి పడుకుంటే తెల్లారేసరికి కడుపు నిండి ఉంటుంది. బండిలో చంటిపిల్లలు ఎక్కీ ఎక్కగానే నిద్రపోతున్నారు. ఇన్ని సుఖాలున్నా ఆయనకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఏ రోగమూ లేని బండిని ఎలా నమ్మడం అనేవాడు. డీజిలు బండికి ప్రాణం పోయే ముందు దగ్గొస్తుంది, పొగొస్తుంది, వణుకొస్తుంది. ఇది ఒక్క ముక్క చెప్పకుండా గుటుక్కుమంటే?

స్క్రీను మీద శాతం చూపించే అంకె ఒక్కటే ఆయనకు మిగిలింది. ఇంజను చప్పుడు విన్నట్టే ఆ అంకెను చూస్తూ తోలేవాడు. పక్కన కూర్చున్న రోజున భార్య కూడా చూసేది. ఆవిడకు చూడటంలో భయం లేదు, అందుకని ఆయనకు కనపడనివి ఆవిడకు కనపడేవి.

ఇక ఆ గాలివాన రోజు సంగతికి వస్తాను.

రాత్రంతా ఊళ్ళో రేకులు ఎగిరాయి. ఎప్పుడు పోయిందో గానీ కరెంటు పోయింది. బండి ప్లగ్గుకు తగిలించే ఉంది, అయినా నిండలేదు. న్యూట్రల్‌కు మెలకువ వచ్చింది చప్పుడుకు కాదు, చప్పుడు ఆగిపోయినందుకు. మిషన్ మూలగడం లేదు. అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. భార్య మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలతో ఊపిరి లాగుతోంది. మాట్లాడలేక సిలిండరు వైపు వేలు చూపించింది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. సిలిండరు తిప్పడం ఎప్పుడూ చేసే పనే, అయినా చేతులు వణికి దాని మూత రాలేదు. ఆవిడే తీసుకుని తిప్పుకుంది.

అప్పుడు పక్కింటి టైలరు గొడుగు పట్టుకుని వచ్చాడు. వీళ్ళింట్లో మిషన్ ఆగిపోయి ఉంటుందని వాళ్ళావిడ తరిమిందట. కిందికి వెళ్ళే స్తంభాలు వరసగా పడిపోయాయని, ఇవాళంతా కరెంటు రాదని, ఫోన్లు కూడా పలకడం లేదని చెప్పాడు. ఇవాళంతా అన్న మాట చెవిలో పడగానే న్యూట్రల్ ఆ చిన్న సిలిండరు వైపు చూశాడు. భార్య మాత్రం గొంతు కూడదీసుకుని, బండి ప్లగ్గు అంది.

పోర్టికోలో ఉన్న బండి తలుపు తీసి, సీటు కింద ప్లగ్గుకు టైలరు తన కుట్టుమిషన్‌కు వాడే పొడుగాటి వైరు తెచ్చి తగిలించి, కిటికీలోంచి గదిలోకి లాగాడు. ఊపిరి మిషన్ ఒకసారి కూసి, మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. ఆవిడ భుజాలు కిందికి దిగాయి. పెదాలకు రంగు వచ్చింది. టైలరు, ఇక భయం లేదు బావగారూ, టీ తాగి కూర్చోండి అని వెళ్ళిపోయాడు.

టీ తాగుతూ కూర్చుంటే ఆయన న్యూట్రల్ ఎందుకవుతాడు? బండిలోకెక్కి అంకె ముందు కూర్చున్నాడు. నలభై ఆరు ఉంది. రెప్ప వెయ్యకుండా చూశాడు. చాలాసేపటికి అది నలభై ఐదు అయింది. చూశావా, తాగుతోంది. నిలబడి, చప్పుడు లేకుండా, దొంగలాగా తాగుతోంది. ముసలి డ్రైవరు పక్కన కూర్చుని చెవిలో చెబుతున్నట్టే ఉంది. ఇలాగే ఇక్కడ నిలబడితే సాయంత్రానికి బండి ఖాళీ, మిషన్ ఖాళీ, కదలడానికి కూడా దిక్కుండదు. కొండకు అవతల పెద్దాసుపత్రి ఉంది, వాళ్ళకు జనరేటరు ఉంది. ఛార్జి ఉండగానే కదలాలి. నిలబడ్డ బండిని నమ్మకూడదు.

గదిలోకి వచ్చి అదే చెప్పాడు. చెబుతుంటే ఆయన గొంతు ఆయనకే వింతగా వినిపించింది. భార్య ఆయన మొహంలోకి చూసింది, చేతుల వైపు చూసింది. తరవాత సరే పదండి అని లేచింది. మామూలు రోజున ఆవిడ ఇంత తేలిగ్గా దేనికీ ఒప్పుకునే మనిషి కాదు. ఆ తొందరలో ఆయనకా సంగతి తట్టలేదు.

మిషన్‌ను వెనక సీట్లో కూర్చోబెట్టి, సీటు కింద ప్లగ్గుకు తగిలించి, మనిషికి పెట్టినట్టు బెల్టు పెట్టాడు. దాని పక్కన ఆవిడ. ఊరు దాటగానే ఎక్కుడు మొదలైంది. వాన ఏటవాలుగా కొడుతోంది, వైపర్లు తోసింది తోసినట్టే మళ్ళీ నిండుతోంది. రోడ్డు మీద కొమ్మలు. ప్రతి మలుపులోనూ కొండమీంచి ఎర్రనీళ్ళు అడ్డంగా పారుతున్నాయి. కరెంటు బండి నీళ్ళలో దిగితే ఏమవుతుందో ఆయనకు తెలీదు. తెలీదు కాబట్టి రకరకాలుగా తెలిసింది. ఒక్కో నీటిపాయ దాటుతున్నప్పుడు కాళ్ళు రెండూ పైకెత్తుకోవాలనిపించింది, ఎత్తితే బండి ఎవరు తోలుతారు?

ఇంజను చప్పుడైనా ఉంటే బాగుండేది. పాత వ్యాను ఈ ఎక్కుడులో అరిచేది, రొప్పేది, కష్టం పంచుకునేది. ఇది కిక్కురుమనకుండా ఎక్కుతోంది, అంకె మాత్రం పడిపోతోంది. నలభై అయింది. ముప్ఫై ఆరు. ముప్ఫై రెండు. పోర్టికోలో ఒక్క అంకె దిగడానికి అంతసేపు పట్టింది, ఇక్కడ మలుపుకొకటి దిగుతోంది. దాన్ని చూసైనా ఆయనకు బుద్ధి రావాల్సింది. భయం పట్టినవాడికి లెక్కలు ఎక్కడొస్తాయి, పాపం. అంకెలు దిగేకొద్దీ ఇంకా గట్టిగా తొక్కాడు.

వెనకనుంచి భార్య, ఎందుకండీ అంత భయం అంది. సగం కూడా లేదే అని ఆయన అంటే, ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు కదా అంది. ఆయనకు నవ్వు రాలేదు.

కొండ శిఖరం చేరేసరికి ఇరవై ఏడు ఉంది. అవతలి వైపు దిగుడు కనపడగానే ప్రాణం లేచొచ్చింది. చెయ్యి తనంతట తానే కదిలింది. న్యూట్రల్. బండి గాలిలో తేలినట్టు జారింది. ఖర్చు లేదు కదా అని ఆయన గుండెల నిండా గాలి పీల్చాడు. మలుపు తిరిగాడు, ఇంకో మలుపు తిరిగాడు. బ్రేకు మీద కాలు పడుతోంది, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ఒకసారి పక్కకు జరిగినట్టనిపించింది.

"గేరులో వెయ్యండి," అంది భార్య.

దిగుడులో గేరేమిటే అన్నాడు ఆయన. పేరు ఊరికే వచ్చిందా అని కూడా అన్నాడు. ఆవిడ గొట్టం సర్దుకుని, ఒక్కో మాటకు ఊపిరి కూడగట్టుకుంటూ చెప్పింది. "మార్కెట్ దిగుడులో మీరు మర్చిపోయి గేరులో ఉంచిన రోజున అంకె పెరిగింది. నేను చూశాను. మీరు న్యూట్రల్లో వేసిన రోజున పెరగలేదు. ఎక్కేటప్పుడు కరెంటు చక్రాలను తిప్పుతుందట, దిగేటప్పుడు చక్రాలే కరెంటు చేస్తాయట. ఓనరమ్మ చెప్పింది, మీరు బానెట్‌లో తల పెట్టుకుని ఉన్నారు."

ఆయనకు నమ్మకం కలగలేదు. కానీ ఆవిడ అన్ని మాటలు మాట్లాడటమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. ఇంకో మాట మాట్లాడనివ్వకూడదని గేరులో వేశాడు. వెనకనుంచి ఎవరో బండిని పట్టుకుని లాగినట్టయింది. వేగం తగ్గింది. బ్రేకు తొక్కకుండానే మలుపులు వాటంతట అవే నిదానంగా వచ్చాయి. కొంతదూరం పోయాక అంకె ఇరవై ఎనిమిది అయింది. ఆయన కళ్ళు నులుముకున్నాడు. ఇంకా కిందికి వచ్చాక ఇరవై తొమ్మిది. కొండ అడుగుకు వచ్చేసరికి ముప్ఫై. తాగింది కక్కేవాళ్ళను చూశాడు గానీ, దిగుతూ దిగుతూ కడుపు నింపుకునే బండిని బతుకులో చూడలేదు. ఇన్నేళ్ళుగా కాపాడుకొచ్చిన చుక్కలన్నీ ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి. సిగ్గుపడే తీరిక కూడా లేదు, ఎదురుగా పసుపుపచ్చ కోటు మనిషి ఎర్రగుడ్డ ఊపుతున్నాడు.

అక్కడ వాగు మీద చిన్న వంతెన. వంతెన కనపడటం లేదు, దాని మీద నీళ్ళే కనపడుతున్నాయి. రోడ్డు పనివాడు కిటికీ దగ్గరకొచ్చి, నీళ్ళు తగ్గేదాకా ఎవర్నీ వదలనన్నాడు. లోపల మిషన్‌ను, ఆవిడను చూసి కాస్త మెత్తబడి, అవతలికి ఎలాగైనా కబురు చేరుస్తానన్నాడు, కానీ దారి మాత్రం ఇవ్వలేనన్నాడు. సరే వెనక్కి పోదామని న్యూట్రల్ స్టీరింగు తిప్పేలోపు వెనకాల వచ్చిన లారీ డ్రైవరు దిగి వచ్చి చెప్పాడు, తన వెనకే కొండచరియ జారి రోడ్డు మీద పడిందని. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అంటే ఇక నిలబడాలి.

ఏ భయంతో ఇల్లు వదిలి వచ్చాడో అదే ఎదురొచ్చి కూర్చుంది. పోర్టికోలో అయితే టైలరు ఉన్నాడు, వీధి ఉంది. ఇక్కడ ఏముంది? బండి నిలబడి ఉంది, మిషన్ నడుస్తోంది, అంకె ముప్ఫై. చిన్న సిలిండరులో పొద్దున వాడగా మిగిలినది కాస్తే. వెనక లారీవాడు కాసేపు ఇంజను నడిపి, డీజిలు దండగని ఆపేసి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆ చప్పుడు ఆగిపోవడం విని న్యూట్రల్‌కు ఏడుపొచ్చింది. ఆయన ఆపలేడు. ఆపితే ఆవిడ ఊపిరి ఆగుతుంది. ఆపకపోతే ఎప్పుడో అదే ఆగుతుంది.

అంకె ఇరవై తొమ్మిది అయింది. నేనే తీసుకొచ్చి చంపుకున్నాను అనుకున్నాడు. ఇంట్లో హాయిగా మంచం మీద ఉన్న మనిషిని ఈ నీళ్ళ ఒడ్డుకు తెచ్చి నిలబెట్టాను. దేవుడా, ఈ ఒక్కసారి, అని మొదలుపెట్టి, ఆ తరవాత ఏం అడగాలో తెలీక ఆగిపోయాడు. చివరికి అద్దాలు తుడిచే గుడ్డ తీసి స్క్రీను మీద కప్పేశాడు.

"వెనక్కి వచ్చి కూర్చోండి," అంది భార్య.

ఇన్నేళ్ళ నౌకరీలో ఆయన తన బండిలో వెనక సీట్లో కూర్చున్నది లేదు. దిగి, తడిసి, అటువైపు తలుపు తీసి, మిషన్‌ను మధ్యకు జరిపి పక్కన ఇరుక్కున్నాడు. ఆవిడ ఫ్లాస్కులో టీ ఇచ్చింది. మూత దంతాలకు తగిలి టకటకమంది. ఆవిడ ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, కళ్ళు మూసుకుంది. కాసేపటికి నిద్రపోయింది.

వాన తగ్గుముఖం పట్టింది. అప్పుడు విన్నాడాయన. ఇంజను లేదు, వణుకు లేదు. మిషన్ సన్నటి మూలుగు, దాని కింద ఆవిడ ఊపిరి. లోపలికి పోయేటప్పుడు చిన్నగా ఎక్కడో తట్టుకుని, ఆగి, మళ్ళీ బయటికి వస్తోంది. పెళ్ళైన కొత్తల్నుంచి ఆవిడ ఎన్నిసార్లు ఆయన బండిలో పక్కన కూర్చుందో లెక్కలేదు. ఆ డీజిలు రొదలో ఎప్పుడూ ఇంజను వినడమే తప్ప మనిషిని విన్నది లేదు. ఇప్పుడు వింటుంటే ఇంకా భయం వేసింది. తట్టుకున్న ప్రతిసారీ ఇది బయటికి వస్తుందా రాదా అని తన ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాడు. వచ్చాకనే తానూ వదిలాడు.

ఉన్నట్టుండి మిషన్ కీచుమని కూసింది.

అయిపోయింది అనుకున్నాడు. బండి ఖాళీ అయింది, చెప్పకుండానే ఖాళీ అయింది. ఆవిడ నోరు తెరిచి, కళ్ళు తెరిచి, గాలి కోసం తడుముకుంటోంది. ఆయన సిలిండరు కోసం వంగి సంచి ఎక్కడుందో కనపడక సీటు కిందంతా వెతుకుతున్నాడు. ఎక్కడో ఒక జంతువు మూలుగుతున్నట్టు వినిపించింది, అది తన గొంతే. ఆవిడ రెండు చేతులతో ఆయన మోకాలిని పట్టుకుని తోస్తోంది. ఎందుకు తోస్తోందో అర్థం కాలేదు. కొట్టింది కూడా. కాలు కాస్త జరిగింది.

కూత ఆగిపోయింది. మిషన్ మూలుగుతూనే ఉంది, అసలది ఆగనే లేదు. పొడుగాటి గొట్టం ఆయన వైపు జారి మోకాలి కింద నలిగి ఉంది.

ఆవిడకు ఊపిరి కుదుటపడటానికి చాలాసేపు పట్టింది. కుదుటపడ్డాక తిట్టలేదు. మోకాలి మీద చెయ్యి వేసి ఉంచి, ఇది ఇటు రాకుండా చూసుకోండి చాలు అంది. ఆయన ఆ కాలిని తలుపుకు ఆనించి, కాలు తిమ్మిరెక్కి బరువైపోయినా కదపకుండా అలాగే కూర్చున్నాడు.

వెలుగు పలచబడుతుండగా రోడ్డు పనివాడు ఈల వేశాడు. వంతెన రాళ్ళు బయటపడ్డాయి. న్యూట్రల్ కుంటుకుంటూ ముందు సీట్లోకి వచ్చాడు. గుడ్డ తియ్యడానికి చెయ్యి రాలేదు. పది కూడా ఉండదనుకున్నాడు. సున్నా ఉన్నా ఆశ్చర్యం లేదనుకున్నాడు. కళ్ళు మూసుకుని లాగేసి, ఒక కన్ను తెరిచాడు.

ఇరవై ఏడు.

పొద్దుటి నుంచి ఇంతసేపు నిలబడితే మూడంటే మూడు తిన్నది. కొండ ఎక్కడానికేమో ఇంచుమించు ఇరవై మింగింది. ఆయన అంకె వైపు చూస్తూనే ఉండిపోయాడు. పోర్టికోలో నలభై ఆరుతో నిలబడి ఉంటే ఇవాళా నడిచేది, రేపూ నడిచేది. మంచం మీద పడుకుని, టీ తాగుతూ, టైలరుతో కబుర్లు చెబుతూ. ఓనరమ్మ చీమ అన్నది ఇదేనన్నమాట. వాగు దాకా రాకుండా, గొట్టం మీద మోకాలు పడకుండా రోజు గడిచిపోయేది.

వెనక్కి తిరిగాడు. "ఇంట్లోనే ఉండుంటే సరిపోయేది. నీకు తెలుసా?"

"తెలుసు. ఓనరమ్మ చెప్పింది కదండీ."

"మరి ఎందుకొచ్చావే?"

ఆవిడ గొట్టం సరిచేసుకుంది.

"మీ చేతులు చూశాను," అంది. "కరెంటు పోతే నాకు మిషన్ ఉంది, మిషన్‌కు బండి ఉంది. మీకేముంది? బండి కదిలితే తప్ప మీకు ఊపిరాడదు. పోర్టికోలో కూర్చోబెడితే సాయంత్రానికి నాకన్నా ముందు మీరే పోయేలా ఉన్నారు. అందుకని వచ్చాను."

న్యూట్రల్ ముందుకు తిరిగి స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి వంతెన మసకబారింది. పసుపుపచ్చ కోటు మనిషి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. వెనక ఆవిడ ఊపిరి వినపడుతోంది, లోపలికి, తట్టుకుని, బయటికి. బండి నిలబడే ఉంది. లారీవాడు ఇంజను స్టార్టు చేసి, ఇంకా కదలవేమయ్యా అన్నట్టు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కొట్టుకోనీలే అని, న్యూట్రల్ ఇంకాసేపు అలాగే కూర్చుని విన్నాడు.